ఎనభై ఆరు రాత్రుల బదులు

ఆ కారు దారిలో ఆగిపోవడం వల్ల మా ఇంటికి ఏమేం నష్టమయ్యాయో ఒకసారి కూర్చుని లెక్కవేశాను. డబ్బు సంగతి వదిలేద్దాం. ఒక గంప సీతాఫలాలు, సగం పండినవి, ఎండకు అన్నీ ఒకేసారి మెత్తబడ్డాయి. ముప్పై కోడిగుడ్లలో పదకొండు. ఒక క్యాను పెరుగు. తడిపి ఇంజను మీద కప్పిన నా కొత్త తువ్వాల, దాని అంచు మాడింది. తాగడానికి తెచ్చుకుని ఆ ఇంజను మీదే పోసిన నీళ్లు ఎన్ని సీసాలో గుర్తులేదు. నాకు గుర్తులేని అంకెలు తక్కువే, అది ఒకటి. ఆపరేషన్ అయిన చిన్నమ్మ పక్కన మనిషి తప్పక ఉండాల్సిన మొదటి మూడు వారాలు. వీటన్నిటి కంటే పెద్దది చివర రాశాను. ఆ కొన్నాళ్లు మా అమ్మకు తన మీద తనకు నమ్మకం పోయింది.

నేను నల్గొండలో ఒక నూనెల దుకాణంలో లెక్కలు రాస్తాను. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు నేర్చుకున్నది మగ్గం పక్కన. బాపు నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది, నూలుకు గంజి పట్టేది. ఇన్ని నిలువు పోగుల పడుగుకు ఎంత నూలు పడుతుంది, తరుగు ఎంత పోతుంది, మిగిలిన నూలుకు ఇంకో తువ్వాల వస్తుందా రాదా అని బాపు మగ్గం నేస్తూనే అడిగేవాడు, నేను గోడకు ఆనుకుని నోటిలెక్క చెప్పేవాణ్ని. బాపు పోయాక మగ్గం విప్పేశాం. నోటిలెక్క మాత్రం నాకు మిగిలింది.

మా నేతవాడలో ఒక పద్ధతి ఉండేది. పడుగును వీధి పొడుగునా చాచి గంజి పట్టే రోజున ఒక ఇంటి చేతులు సరిపోవు. పక్కిళ్ల వాళ్లు వచ్చి చెయ్యి వేస్తారు. కూలి అడగరు. వాళ్ల పడుగు రోజున మనం పోవాలి. వాళ్లు ఎన్ని పూటలు వస్తే మనం అన్ని పూటలు. దాన్ని బదులు అనేవారు. ఎవరూ ఎక్కడా రాసుకోరు, ఎవరూ మరిచిపోరు.

అమ్మా, ఆమె చెల్లెలూ ఈ పద్ధతిని రాత్రులకు కూడా తెచ్చుకున్నారు. చిన్నమ్మను అమ్రాబాద్‌లో బట్టల దుకాణం ఉన్న ఇంటికి ఇచ్చారు. మా చెల్లె పుట్టేనాటికి మా అమ్మమ్మ లేదు. అప్పుడు చిన్నమ్మ వచ్చి ముప్పై రాత్రులు ఉంది. బాపు దవాఖానలో ఉన్నప్పుడు పద్దెనిమిది. బాపు పోయినప్పుడు పదిహేను. అమ్మకు తుంటి ఎముక విరిగినప్పుడు నలభై. మొత్తం నూట మూడు. అమ్మ అమ్రాబాద్‌లో ఉన్నవి వాళ్లబ్బాయి పెళ్లికి ఆరు, చిన్నాయన పోయినప్పుడు పదకొండు. తీసేస్తే ఎనభై ఆరు. ఫోను ఎత్తగానే చిన్నమ్మ మొదటి మాట అదే.

"ఏమే అక్కా, ఎనభై ఆరున్నయ్ నీ మీద. ఎప్పుడొస్తవ్?"

"వస్త తియ్యవే. మిత్తి గిట్ల కడుతున్నవా ఏంది?"

తుంటి విరిగిన తర్వాత అమ్మ బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. చేతికర్రతో ఇంట్లో తిరుగుతుంది, గల్లీ చివరి దాకా పోయి వస్తుంది, అంతే. అందుకే తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు మా కాలనీలో ఒక రిటైరైన గుమస్తా దగ్గర పాత కారు కొన్నాను. నా కూతురి కంటే వయసులో పెద్దది. కార్బురేటర్ బండి. వేసవిలో కొన్నాం, దసరా దాకా ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు.

దసరా రోజు పొద్దున కారు కడిగి వాకిట్లో నిలబెట్టాను. నా భార్య పసుపు కుంకుమ గిన్నెలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ వెనక్కి ఇచ్చింది.

"నేనెందుకే? నువ్వు ముత్తైదువవు, నువ్వు పెట్టు."

"నాకు గంజిల కలుపుడు రాదు అత్తమ్మా. పొడి పసుపు పెడితే మూల తిరుగకముందే గాలికి వోతది. మగ్గానికి మీరెట్ల పెడుతుండిరో గట్లనే పెట్టుండ్రి."

మగ్గానికి మా ఇంట్లో పొడి పసుపు పెట్టేవారు కాదు. రాలి తెల్ల నూలు మీద పడితే మరక పోదు. అందుకని అమ్మ చిక్కటి గంజిలో పసుపు కలిపి బొట్లు పెట్టేది. ఆరితే రాయిలా బిగుసుకునేవి, మళ్లీ దసరా దాకా కదిలేవి కావు. బాపు పోయాక ఆమెను ఏ పండక్కీ ఎవరూ బొట్టు పెట్టమనలేదు, ఆమే పక్కకు జరిగి నిలబడేది. ఆ రోజు నా భార్య వినలేదు. అమ్మ వంటింట్లోకి పోయి గంజి కాచింది. వేలితో తీసి చూసి, చాలలేదని మళ్లీ పొయ్యి మీద పెట్టింది. నాలుగు చక్రాలకు, రెండు దీపాలకు, స్టీరింగుకు, చివరికి "తిండి తినే నోరు యాడుందిరా దీనికి?" అని అడిగి పెట్రోలు పోసే చోట కూడా, తీరిగ్గా, ఒక్కొక్క చోట ఆగి పెట్టింది. కుంకుమ అద్ది దూరంగా జరిగి చూసుకుంది. ఆమె ముఖం అలా ఉండగా చూసి చాలా ఏళ్లయింది.

దసరా తర్వాత వారానికి చిన్నమ్మకు మహబూబ్‌నగర్‌లో గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికి పంపించారు, ఆరు వారాలు బరువు ఎత్తొద్దన్నారు. వాళ్లబ్బాయికి దుకాణం, కోడలికి చంటిపిల్ల. అమ్మ ఆ రోజు ఫోను పెట్టేసి నా దిక్కు చూసింది.

"నన్ను దానింట్ల దింపి రారా. నా తుంటి ఇరిగిన్నాడు నా మూత్రం గూడ అదే తీసింది."

నల్గొండ నుంచి దేవరకొండ, డిండి, అచ్చంపేట మీదుగా అమ్రాబాద్ నూట నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. దూరం కాబట్టి బంకులో మూతి దాకా పెట్రోలు పోయించాను. సీతాఫలాల గంప వెనక సీట్లో, అమ్మ ముందు సీట్లో, చేతికర్ర ఆమె మోకాళ్ల మధ్య. కొండమల్లేపల్లి ఇంకా రాలేదు. ఊరి నుంచి ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర బండి లాగడం తగ్గింది, రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయింది. తాళం తిప్పితే తిరుగుతుంది, అందుకోదు. బోనెట్ ఎత్తితే ముఖానికి వేడి కొట్టింది. రోడ్డు పక్క గొర్రెల కాపరి దగ్గరికి వచ్చి చూశాడు.

"ఏంది సారూ, గిట్ల పండుకున్నది? గొర్రె పండుకుంటె తోక పట్టి లేపుతం. దీనికి తోక యాడున్నది?"

అమ్మ నవ్వి అతనికి రెండు సీతాఫలాలు ఇచ్చింది. అరగంట ఆగితే బండి అదే లేచింది. ఇంకో పది కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగింది. మళ్లీ అరగంట. అప్పుడు అమ్మే అంది, అడవి దారిలో ఆగితే ఎట్లా, వెనక్కి మళ్లించమని. ఇంటికొచ్చేసరికి పొద్దు గుంకింది.

మా మెకానిక్ నమ్మకస్తుడు. సంగతి విని తల ఊపాడు.

"గరమైనంక ఆగి, సల్లవడ్డంక లేస్తదంటే కాయిలే సార్. ఫికర్ చెయ్యకు."

ఇంజనుకు నిప్పు అందించే కాయిల్ మార్చాడు. బండిని అతని దగ్గర పెట్టేముందు నేను ఎప్పుడూ మిగతాది డబ్బాలోకి తోడేసి ట్యాంకులో ఒకటి రెండు లీటర్లే ఉంచుతాను. షెడ్డులో పది బండ్లుంటాయి, ఎవరి పెట్రోలు ఎవరి బండిలోకి పోతుందో ఎవరికి తెలుసు. ఆ రెండు లీటర్లతో అతను ఊరి పక్కనే ఉన్న పానగల్ దాకా పోయి వచ్చాడు. ఆగలేదు. వారం రోజులు నేను దుకాణానికి పోయి వచ్చాను. ఆగలేదు.

రెండోసారి బయలుదేరాం. ఈసారి గుడ్లు, పెరుగు, చిన్నమ్మకు పథ్యానికని పాత బియ్యం. బంకులో మూతి దాకా పెట్రోలు. ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర ఆగిపోయింది.

ఈసారి అమ్మ నవ్వలేదు. తువ్వాల తడిపి ఇంజను మీద కప్పి, నీళ్లు పోసి నేను అవస్థ పడుతుంటే సీట్లోంచి దిగకుండా చూస్తూ కూర్చుంది. బండి లేచాక తనంతట తనే అంది.

"ఇంటికి తిప్పు."

మెకానిక్ ఈసారి పెట్రోలు పంపు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, పైపులు ఊది చూశాడు. బండి చుట్టూ తిరిగి గుడ్డతో అంతా తుడిచాడు, బొట్లున్న చోట మాత్రం గుడ్డ తగలకుండా పక్క నుంచి పోనిచ్చాడు. మళ్లీ తిప్పి చూశాడు. ఆగలేదు. ఇంటికి తెచ్చి అమ్మతో రేపు పోదామన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"నేను రాను."

"బాగైంది అమ్మా. పంపు కొత్తది."

"పంపు సంగతి కాదు. నువ్వొక్కనివే ఊరంత తిరిగినవ్, ఆగిందా?"

"ఆగలే."

"మెకానిక్ తిరిగిండు, ఆగిందా?"

"లేదు."

"నేనెక్కిన రెండుసార్లు ఆగింది. లెక్కల మనిషివి, నువ్వే చెప్పు."

లెక్క ఆమె వైపే ఉంది. ఆమె ఎక్కినవి రెండు, ఆగినవి రెండు. ఆమె ఎక్కనివి ఎన్నో, ఆగినవి సున్నా. ఇలాంటి లెక్క ఎవరైనా దుకాణంలో నా ముందు పెడితే నేను ఒప్పుకుంటాను.

కిరాయి కారు మాట్లాడతానన్నాను. అమ్మ వద్దంది. "ఒకని బండి గూడ నడుమ ఆగాల్నా నా వల్ల? నా అడుగు మంచిది కాదురా. మీ బాపు పోయినంక నేను ముందటవడి చేసినది ఏదీ కుదరలే. ఆ పిల్ల ఆపరేషనై పండుకున్నది. నేను పోయి అక్కడేం తెస్తనో." చాటలోని బియ్యం కింద పోసి మళ్లీ చాటలోకి ఎత్తుకుంది. అప్పటికే చెరిగిన బియ్యం అవి.

ఆ సాయంత్రం చిన్నమ్మ ఫోను చేసింది. అమ్మ తీయలేదు. పడుకుందని చెప్పమంది. చిన్నమ్మ నాతో నవ్వుతూనే మాట్లాడింది, కానీ ఎనభై ఆరు అనలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఇక బండి బాగవ్వడం నాకు ముఖ్యం కాదు. అమ్మ ఉన్న రోజుకూ లేని రోజుకూ మధ్య అమ్మ కాకుండా ఇంకేదో తేడా ఉండాలి. అది దొరకాలి.

ముందు వేడి సంగతి చూశాను. దుకాణం పని మీద చిట్యాల పోవాల్సి వచ్చింది. కావాలనే మిట్టమధ్యాహ్నం బయలుదేరాను, ట్యాంకులో మామూలుగా ఉండే ఐదారు లీటర్లే ఉన్నాయి. పోనూ రానూ అరవై కిలోమీటర్లకు పైమాటే. హైవే మీద లారీల వెనక, అద్దాలు దించుకుని, ఇంజను కాగిపోయేలా నడిపాను. ఎక్కడా దగ్గు కూడా లేదు. అంటే వేడికి ఆగడం లేదు. మనసులో అమ్మ లెక్కకు ఇంకొకటి కలిసింది. అమ్మ లేదు, ఆగలేదు.

మర్నాడు దుకాణంలో నూనె పోసే అతను చాయ్‌కి పోయినప్పుడు ఒకామె వచ్చి రెండు లీటర్ల పల్లినూనె అడిగింది. నేనే లేచి కొత్త డబ్బాకు మేకుతో ఒక బొక్క కొట్టి వంచాను. నూనె గుడగుడమని కొంచెం పడింది, ఆగింది. ఇంకొంచెం పడింది, మళ్లీ ఆగింది. ఆమె సంచి చంకన పెట్టుకుని నవ్వింది.

"అన్నా, ఇంకో బొక్క గూడ కొట్టు. లేకుంటె పొద్దుమూకేదాక నీతోనే ఉండాల్సొస్తది."

నాకు తెలియనిది కాదు. రోజుకు పది డబ్బాలు చూస్తాను. నూనె బయటికి రావాలంటే దాని జాగాలోకి గాలి పోవాలి. కానీ ఆ రోజు ఆ డబ్బాను అలాగే వంచి పట్టుకుని నిలబడిపోయాను, ఆమె "అన్నా, అన్నా" అని రెండుసార్లు పిలిచేదాకా. అమ్మతో పోయిన రెండు రోజులూ నేను ట్యాంకు నింపాను. అమ్మ లేని ఏ రోజూ నింపలేదు. నిండిన ట్యాంకులో పైన ఖాళీ ఉండదు; గాలి లోపలికి పోయే దారి మూసుకుని ఉంటే రెండు లీటర్లు తగ్గేసరికే లోపల బిగుసుకుంటుంది, పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. ఖాళీ ట్యాంకులో అదే రెండు లీటర్లు తగ్గినా తేడా తెలియదు. ఆగి అరగంట కూర్చుంటే ఏ సందులోంచో కొంచెం గాలి చేరుతుంది. దాన్ని మేమంతా ఇంజను చల్లబడటం అనుకున్నాం.

మర్నాడు తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. బంకులో మూతి దాకా పోయించాను. అదే దేవరకొండ రోడ్డు, నేనొక్కణ్నే. ఇరవై దాటింది. ఇరవై మూడు. ఇంజను శబ్దం మారుతుందేమోనని అద్దాలు ఎక్కించుకుని వింటూ పోయాను. నా జీవితంలో ఒక బండి ఆగిపోవాలని అంతగా కోరుకున్నది అదొక్కసారే. ఇరవై ఐదో కిలోమీటరు రాయి దాటగానే దగ్గింది. ఆగిపోయింది.

పక్క సీటు ఖాళీగా ఉంది. ఆ సీటును చేత్తో తట్టి దిగాను.

వెనక్కి పోయి పెట్రోలు మూత తిప్పాను. సోడా సీసా మూత తీసినప్పుడు గాలి బయటికి వస్తుంది. ఇక్కడ హుస్సుమని లోపలికి పోయింది, చాలాసేపు. మూత వదులుగా పెట్టి తాళం తిప్పితే, ఇంజను వేడి వేడిగా ఉండగానే, నాలుగు తిప్పులకు బండి లేచింది. మళ్లీ దిగి మూత చేతిలోకి తీసుకున్నాను. గాలి పోవడానికి పాత బండ్ల మూతకు నడిమధ్యలో సూది పట్టేంత రంధ్రం ఉంటుంది. నా మూత నడుమ రంధ్రం కనపడలేదు. అక్కడ పసుపు బొట్టు ఉంది, దాని మీద కుంకుమ. గుండ్రంగా, పగుళ్లు లేకుండా, రాయిలా.

పెట్రోలు పోయించిన ప్రతిసారీ నేను ఆ బొట్టును చూశాను. బంకువాళ్లు చూశారు. మెకానిక్ చూశాడు. ఎవరం మాత్రం బొట్టు తుడుస్తాం?

ఎక్కిన సంతోషం అక్కడే సగం దిగిపోయింది. అమ్మ ఎక్కినందుకు బండి ఆగలేదు, నిజమే. కానీ ఆగింది ఆమె పెట్టిన బొట్టు వల్ల. నేను పెట్టనంటే పెట్టించారని, మీ బాపు లేని నా చెయ్యి తగిలినందుకే ఆగిందని ఆమె అంటే, దానికి నా దగ్గర ఏ లెక్క ఉంది? గోటితో గీకబోయి ఆగాను. మూత వదులుగా పెట్టి ఇంటికొచ్చాను. దుమ్ము పట్టిందని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

అమ్మ వాకిట్లో తోటకూర తెంపుతూ కూర్చుంది. నా భార్య బట్టలు ఆరేస్తోంది.

"అమ్మా, నువ్వు లేకుంట పోయిన. అదే తొవ్వ. అదే జాగల ఆగింది."

అమ్మ చేయి ఆగింది. "నేను లేకున్నా ఆగిందా?"

"ఆగింది."

"నిజంగ? నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు. ఇగో, దొరికింది గూడ. పెట్రోలు మూతల గాలి పోయే బొక్క మూసుకపోయింది. దుమ్ము."

"యాడుంటది గా బొక్క?"

చిన్నప్పటి నుంచీ అమ్మకు నేను అబద్ధం చెప్తే నా చెవులు ఎర్రబడి చెప్పేస్తాయట. ఆమె కర్ర అందుకుని లేచింది. కారు వెనక్కి నడిచింది, పెట్రోలు మూత మీది రేకు తెరవమంది. మూత మీది బొట్టు చూసింది. నా దిక్కు చూసింది. మళ్లీ బొట్టు చూసింది.

"దీని కిందనా?"

నేను అవునన్నాను. నా భార్య చేతిలో తడి చీరతో అలాగే నిలబడిపోయింది.

"గందుకే పెట్టనంటి," అంది అమ్మ మెల్లగా.

నాకంటే ముందు నా భార్య అందుకుంది. "అత్తమ్మా, నేను పెట్టినా నడుమనే పెడుదును. నడుమ గాక ఇంకేడ పెడుతరు బొట్టు? కాకుంటె నా పసుపు రెండు దినాలకే రాలిపోతుండె. మీది రాలలే, అంతే."

అమ్మ వినలేదనుకున్నాను. ఆమె వేలు బొట్టు అంచు మీద ఉంది. గోటితో ఒత్తింది. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా ఒత్తింది. అప్పుడు ఆమె ముఖంలో వేరే ఏదో వచ్చింది. అది నాకు చిన్నప్పుడు బాగా తెలిసిన ముఖం. గంజి ఆరిన పడుగు మీద చెయ్యి ఆనించి, ఒక్క పోగు కూడా అంటుకోలేదని చూసుకునే ముఖం.

"నెల దాటింది కదా?"

"దాటింది."

"వానలు పడ్డయ్. నువ్వు రెండుమాట్లు కడిగినవ్." గోరు కింద చిన్న పెచ్చు లేచింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "గంజి మంచిగ కుదిరింది." అని కొంచెం ఆగి, "మీ బాపు ఉంటే అంటుండె, నీ గంజికి గాలి గూడ దూరదే అని," అంటూ నవ్వింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. నా భార్య తడి చీర కొంగుతోనే ఆమె ముఖం తుడిచింది.

బొట్టును ఆమే తీసింది. కొంగుకున్న పిన్నీసు విప్పి చుట్టూ గీకి, ఒక్క ముక్కగా లేపింది. అదే పిన్నీసుతో నేను రంధ్రం శుభ్రం చేశాను. మూత బోసిగా ఉందని అమ్మకు నచ్చలేదు. నా భార్య అప్పటికే లోపలికి పోయి పసుపు గిన్నె తెచ్చింది. ఈసారి అమ్మ గిన్నె వెనక్కి ఇవ్వలేదు. కొత్త బొట్టు రంధ్రానికి వేలెడు పక్కన పెట్టింది.

"మీ చిన్నమ్మకు చెప్పకుండ్రి," అంది మా ఇద్దరితో.

మర్నాడు ట్యాంకు నింపి బయలుదేరాం. ఇరవై ఐదో కిలోమీటరు దగ్గర అమ్మ మాట్లాడటం మానేసి సీటు అంచు పట్టుకుంది. కొండమల్లేపల్లి దాటాక చెయ్యి వదిలింది. డిండి దగ్గర చాయ్ తాగాం. మన్ననూర్ నుంచి అడవి ఎక్కేటప్పుడు అద్దం దించమంది, చల్లగాలి ముఖానికి కొట్టించుకుంటూ చిన్నాయన పెళ్లినాటి సంగతులు చెప్పింది. చిన్నమ్మ గడప దగ్గర నవారు మంచం మీద కూర్చుని ఉంది. అమ్మ కారు దిగి కర్ర సరిచూసుకుని, ఇంకా లోపలికి అడుగు పెట్టకముందే, ఎవరికీ చెప్పొద్దన్న మాట మొత్తం చెప్పేసింది.

చిన్నమ్మ కుట్లు నొప్పి పెడతాయని పొట్ట పట్టుకుని నవ్వింది. "అంటే నా దగ్గరికి రావొద్దని నువ్వే బిరడా కొట్టుకున్నవన్నట్టు. ఎనభై ఆరు ఎగ్గొట్టాలని చూస్తివా అక్కా?"

"ఎగ్గొట్టేదాన్నైతే ఎందుకొస్తనే? జరుగు, కూసోనియ్యి."

మెకానిక్‌కు తర్వాత చెప్పాను. అతను నొసలు తట్టుకున్నాడు. "బొట్టు నేను చూసిన సార్. రోజు మొక్కిన గూడ. బొట్టును ఎట్ల అనుమానిస్తం?"

ఆ విడత అమ్మ ఇరవై రెండు రాత్రులు ఉంది. అరవై నాలుగు మిగిలాయి. ఆ తర్వాత ఏడాదికొకసారి, ఒక ఏడాది రెండుసార్లు, కారు ఆమెను అమ్రాబాద్ తీసుకుపోయింది. దారిలో మళ్లీ ఎప్పుడూ ఆగలేదు. ప్రతి దసరాకూ అమ్మే గంజి కాచింది. అన్నీ కలిపి ఇంకో ఇరవై ఏడు రాత్రులు తీర్చింది. ముప్పై ఏడు ఉండగా పోయింది, ఇంట్లోనే, నిద్రలో.

పదకొండో రోజు అందరూ వెళ్లాక చిన్నమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ముప్పై ఏడున్నయ్ మీ అమ్మ మీద. ఎవలిస్తరు?"

"నేనిస్త చిన్నమ్మా."

అప్పటి నుంచి వీలైనప్పుడు పోతున్నాను. ఒక రాత్రి, రెండు రాత్రులు. కారు ఇంకా ఉంది. కొత్తది కొనమని అందరూ అంటారు. ఈసారి చూద్దాం అంటాను. నా భార్యకు గంజి కలపడం వచ్చింది. బొట్టు రంధ్రానికి వేలెడు పక్కన పెడుతుంది. చిన్నమ్మ వాకిట్లోనే నా కోసం మంచం వేయిస్తుంది. అమ్మ గంజి కథ మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తుంది, బిరడా మాట దగ్గర తనే అందుకుంటుంది.

ఇప్పటికి నేను ఉన్నవి పద్నాలుగు. నా లెక్కన మిగిలినవి ఇరవై మూడు. చిన్నమ్మ నేనున్న పద్నాలుగులో ఎనిమిదింటిని ఒప్పుకోదు. "పొద్దుగాల చాయ్ గూడ తాగకుంట పోతివి, గది గూడ రాత్రేనా?" అంటుంది. ఇంకోసారి, "నువ్వొచ్చేసరికి నేను పండుకున్న. నాతోని మాట్లాడని రాత్రి నాకెట్ల ముడుతది?" అంటుంది. లెక్క తప్పని నాకు తెలుసు. దుకాణంలో అయితే పైసా తేడా వచ్చినా తేలేదాకా ఇంటికి రాను. ఆమెతో మాత్రం వాదించలేదు, ఆమె చెప్పిందే ఖాయం చేసుకున్నాను.

ఈ రోజుకు ఇవ్వాల్సినవి ముప్పై ఒకటి.